పోతు తీగకి పూలేగా చెల్లీ!

నిన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మిద్దెక్కి, ఆకాకర పందిరి ముందు చిన్న పీట వేసుకుని కూచున్నాను చెల్లీ. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న మొగ్గలు ఒక్కొక్కటే విచ్చుకోవడం మొదలెట్టాయి. పలచటి రేకులు, నిమ్మపండు పసుపు. ఆరున్నరకి ఆరు, ఏడయ్యేసరికి ముప్ఫై రెండు. లెక్కపెట్టాను. ముప్ఫై రెండూ పోతు పూలే.

నవ్వుకో, ఏమీ అనుకోను. మీ బావగారు పదిహేను రోజులుగా నవ్వుతూనే ఉన్నారు.

జరిగింది ఇదీ. మేలో ఎండలు మండిపోతున్నాయి, మధ్యాహ్నం కునుకు పట్టక ఫోను పట్టుకున్నాను. అంతే, 'ఆకాకర దుంపలు రెండు, నూట ఎనభై రూపాయలు, డెలివరీ ఉచితం' అని కనిపించింది. పక్కన బొమ్మలో తీగ నిండా కాయలు. కిందటేడు శ్రావణంలో పావుకిలో ఎనభై రూపాయలు పోసి కొన్నదాన్ని, ఆ బొమ్మ చూస్తే ఆగుతానా? (నీకు బోడకాకర అంటేగానీ అర్థం కాదేమో, హైదరాబాదు కాపురమయ్యాక నువ్వు మన గోదావరి మాటలన్నీ మర్చిపోతున్నావు.) దుంపలు వచ్చాయి. తొలకరి చినుకు పడగానే మొలిచాయి. పాకాయి. వెదురు బద్దలు తెప్పించి పందిరేశాను, ఆ ఖర్చు వేరే. పూశాయి. కాయలే లేవు.

ఆకాకరకి ఆడ తీగ వేరు, మగ తీగ వేరు చెల్లీ. బీర, సొర లాగా ఒకే తీగకి రెండు రకాల పూలూ రావు. పువ్వుని వెనక్కి తిప్పి చూస్తే తెలిసిపోతుంది. రేకుల కింద నూగుముళ్లతో చిట్టి పిందె ఉంటే ఆడది, ఒట్టి కాడే ఉంటే పోతు. మన ఊరి గట్ల మీద పోతుతాడి, పెంటితాడి అంటామే, అదే లెక్క. అందుకే ఎవరైనా ఆకాకర వేసుకోవాలంటే ఆడ దుంపలు నాలుగైదు, వాటి మధ్యలో మగదొకటి కొనాలి. ఇదంతా తెలిసినదాన్నే. 'ఇందులో ఆడదేది, మగదేది' అని అమ్మినవాళ్లని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. బొమ్మ చూసి డబ్బు కట్టేశాను. తప్పులో సగం నాది.

ఆన్‌లైన్‌లో గింజలూ మొక్కలూ కొనడం, ఈ నెల మన ముచ్చట ఇదే.

ఆన్‌లైన్‌లో చీర కొంటే రంగు కాస్త అటూ ఇటూ అవుతుంది, అంతే. గింజ అలా కాదు. గింజ లోపల ప్రాణం ఉంది, దానికి వయసు కూడా ఉంది. పైకి చూస్తే బతికున్నదీ చచ్చిందీ ఒకేలా కనిపిస్తాయి. మనం కొనేది బొమ్మ. వచ్చేది చిన్న ప్లాస్టిక్ కవరు. అసలు సంగతి మూడు నెలలకిగానీ బయటపడదు, అప్పటికి తిప్పి పంపే గడువు ఎప్పుడో దాటిపోతుంది.

మా అపార్ట్‌మెంట్లో కింద ఇంట్లో కొత్తగా పెళ్లయి వచ్చిన అమ్మాయి ఉంది, మంచి పిల్ల. నీలి గులాబీ గింజలు వంద, తొంభైతొమ్మిది రూపాయలకి తెప్పించింది. రోజూ పొద్దున్నే వాటికి నీళ్లు చల్లి, నాకు ఫొటోలు పంపేది. ఇరవై రోజులకి ఏదో మొలిచింది. పైకి తీసుకొచ్చి చూపించింది. గడ్డి చెల్లీ! మట్టిలో ఉన్నదో, కవర్లో వచ్చిందో. ఆ పిల్ల మొహం చూసి నవ్వలేకపోయాను. ఇంట్లో గులాబీని ఎవరైనా గింజతో పెంచగా చూశావా? కొమ్మ గుచ్చుతాం, లేదా అంటు కట్టింది తెచ్చుకుంటాం. గింజతో మొలిచినా తల్లి పువ్వు రంగు వస్తుందన్న నమ్మకం లేదు. పైగా గులాబీలో నీలం రంగుకి కావలసిన సరుకే పుట్టుకతో ఉండదట. జపాన్‌లో సన్‌టోరీ కంపెనీ వాళ్లు ఏళ్ల తరబడి జన్యువులు మార్చి, 2004లో 'ఇదిగో నీలి గులాబీ' అని చూపించారు. 2009లో అమ్మకానికీ పెట్టారు. దాని రంగు చూస్తే మన లేత వంకాయ పువ్వు రంగే. అంత పెద్ద కంపెనీ అన్నేళ్లు కష్టపడితే వచ్చింది ఆ రంగు. తొంభైతొమ్మిదికి ముదురు నీలం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఏడు రంగుల గులాబీ, పిల్లి కళ్ల పువ్వు, నల్ల స్ట్రాబెర్రీ, ఇవన్నీ ఆ తానులో ముక్కలే. ఇప్పుడు బొమ్మలు కంప్యూటరే గీసి పెడుతోంది, ఇంక అడ్డేముంది.

మరి ఆన్‌లైన్‌లో కొనొద్దా అంటావు. నేనే కొంటున్నాను కదే, కొనొద్దని ఎలా అంటాను! కూరగాయ విత్తనాలు నిక్షేపంగా కొనుక్కో, ఎవరి దగ్గరన్నదే చూసుకోవాలి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. వాళ్ల విత్తనాలు ఆన్‌లైన్‌లోనే డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు. పేరు ముందు 'అర్కా' అని ఉంటే వాళ్లదన్నమాట. మా ఇంట్లో బెండ అంటే అర్కా అనామికే. బెండకి ఆకుల ఈనెలు పసుపెక్కి, కాయలు తెల్లగా పాలిపోతాయి చూడు, ఆ పల్లాకు తెగుల్ని బాగా తట్టుకునేలా తయారుచేసిన రకం. 1963లో పెట్టిన జాతీయ విత్తన సంస్థ కూడా ఇప్పుడు చిన్న ప్యాకెట్లు ఇంటికి పంపుతోంది. ఇక 'పూసా' అని కనిపించేవి ఢిల్లీ వాళ్లవి. ఆ పరిశోధన కేంద్రం 1905లో బీహార్‌లోని పూసా అనే ఊళ్లో మొదలైంది. 1934 భూకంపంలో అక్కడి భవనం దెబ్బతింటే, ఆ తర్వాత ఢిల్లీకి మార్చారు. ఊరు వదిలినా ఇంటిపేరు వదల్లేదు, మనలాగే!

ప్రైవేటు కంపెనీలవీ మంచివి ఉన్నాయి. నేను చూసేది కవరు వెనక. ముందు బొమ్మని అసలు చూడను. వెనక రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిదాకా పనికొస్తుంది, వందకి ఎన్ని మొలుస్తాయి అని అచ్చేసి ఉండాలి. మనకి 1966 నుంచీ విత్తన చట్టం ఉంది, దాని కింద కనీస మొలక శాతాలు కూడా పెట్టారు. బెండకి 65, టమాటాకీ వంగకీ 70, మిరపకి 60. కాబట్టి మిరప పది వేస్తే ఆరు మొలిచాయని ఏడవకు, అది న్యాయమే. బస్తాల్లో కొని, చిన్న జిప్ కవర్లలో చెంచాడు చెంచాడు పోసి, మీద మెరిసే కాగితం అంటించి అమ్మేవాళ్ల దగ్గర ఈ తేదీలేవీ ఉండవు. ఆ గింజ నిన్నటిదో, నాలుగేళ్ల కిందటిదో దేవుడికెరుక. బీర, సొర అయితే మూడు నాలుగేళ్లయినా కాస్త ఓర్చుకుంటాయి. ఉల్లి గింజకి మాత్రం ఏడాది దాటితే ఓపిక అయిపోతుంది.

'నలభై ఐదు రకాలు, రెండొందల తొంభైతొమ్మిది' అనే ప్యాకు నీ కార్ట్‌లో ఉందని నాకు తెలుసు. తీసెయ్యి. అందులో సగం బ్రోకలీ, లెట్యూస్, జుకినీ. మన ఎండల్లో ఏం చేస్తావు వాటితో? తోటకూర గింజలు గ్రాముకి వెయ్యికి పైనే ఉంటాయి, బెండ గింజలు గ్రాముకి పదిహేనో ఇరవయ్యో. 'ఒక ప్యాకెట్' అన్న మాట పట్టుకుని ధర పోల్చకు, గింజలెన్నో చూడు.

ప్యాకెట్ రాగానే మొత్తం మట్టిలో పోసెయ్యకు. పది గింజలు లెక్కపెట్టి, తడి నూలుగుడ్డలో మూటకట్టి, గిన్నెలో పెట్టి మూత వెయ్యి. పెసలు మొలకెత్తిస్తాం కదా, అలాగే. వారంలో ఎన్ని కళ్లు తెరిచాయో చూసుకుంటే ఎంత వెయ్యాలో తెలిసిపోతుంది. కాకర గింజకి పెంకు మందం, దాన్ని నెయిల్ కట్టర్‌తో అంచున రవ్వంత గిల్లి, రాత్రంతా నానబెట్టాలి. ఈ చిట్కా తెలియక నేను రెండు ప్యాకెట్లు పారేసి, అమ్మినవాళ్లని తిట్టుకున్నాను. పాపం వాళ్లు.

ఇంకొకటి, మర్చిపోతానేమో. కొన్ని గింజలు గులాబీ రంగులోనో నీలం రంగులోనో వస్తాయి. ఆ పూత పురుగు, బూజు పట్టకుండా వేసిన విషపు మందుకి గుర్తు. పిల్లలకి ముత్యాల్లా ముద్దొస్తాయి. అందనివ్వకు. ముట్టుకున్నాక చేతులు కడుక్కో. మిగిలిన ధనియాలో మెంతులో అలాంటి పూతవైతే పొరపాటున కూడా పోపుల డబ్బాలోకి చేర్చకు.

అమ్మ గింజలు గుర్తున్నాయా? ముదిరిన సొరకాయ దూలానికి వేలాడేది. బీరగింజలు పేడలో అద్ది వెనక గోడకి కొట్టేది. కందులూ పెసలూ అయితే బూడిదలో కలిపి కుండలో పోసి, మూతికి వేపాకు కూరేది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లు ఇప్పటికీ అలాగే గింజలు దాస్తారు. బుట్టలో బూడిదా, వేపాకూ. విత్తనం కావాల్సినవాళ్లకి అప్పుగా ఇస్తారు, పంటొచ్చాక దానికి మరికొంత కలిపి గింజలే తిరిగివ్వాలి. సంక్రాంతికి పాత పంటల జాతర చేసి ఎడ్లబండ్ల మీద ఆ గింజల్ని ఊరూరా తిప్పుతారు. వెళ్లి చూడు ఒకసారి. గింజలు దాచుకోవాలనుకుంటే మాత్రం, ప్యాకెట్ మీద 'ఎఫ్-1' అనో 'హైబ్రిడ్' అనో ఉన్నవి కొనకు. మొదటిసారి విరగకాస్తాయి, వాటి గింజ మళ్లీ వేస్తే తలో తీరుగా పోతాయి.

ఇక మొక్కల సంగతి. నా పరువు పోయిన కథ చెప్తాను, ఎవరికీ చెప్పకు.

కార్తీకంలో నందివర్ధనం మొక్క ఒకటి, ముద్ద పువ్వుది, నాలుగొందల ఇరవై పెట్టి బుక్ చేశాను. చక్కగా వచ్చింది, ఆకు నలగలేదు. అట్టపెట్టె మీద పంపినవాళ్ల చిరునామా చూశాను కదా, కడియపులంక! మన ఊరికి ఆరు మైళ్లు. చిన్నప్పుడు నాన్నగారి సైకిలు వెనక కూచుని, కాలవ గట్టు మీదుగా పోతూ చూసిన నర్సరీలు. రాజమండ్రి వెళ్లిన ప్రతిసారీ ఆ పచ్చదనం మధ్యలోంచే పోయేవాళ్లం, కడియం నుంచి మొక్కలు లారీలెక్కి దేశమంతా పోయేవి. అమ్మకి ఫోన్ చేసి చెప్తే, 'నలభై రూపాయల మొక్కకి నాలుగొందలా? మొన్న వచ్చినప్పుడు కారు డిక్కీ ఖాళీగా వెళ్లిందే' అంది. ఏం చెప్పను? మిగతాది బస్సు టికెట్ అనుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ డబ్బులో చాలా భాగం ప్యాకింగుకే. మొక్కకి ప్రయాణం అంటే ఏమిటి? చీకటి పెట్టె, గాలి లేదు, నీళ్లు లేవు, ఉక్క. మూడు రోజులైతే తట్టుకుంటుంది, ఏడు రోజులైతే ఆకు రాల్చేస్తుంది. అందుకే వేసవిలో మొక్కలు తెప్పించకు. మృగశిర కార్తె దాటాక, ఓ నాలుగు వానలు పడ్డాక బుక్ చెయ్యి. శుక్రవారం బయల్దేరేలా అస్సలు చెయ్యకు, ఆదివారం ఏదో గోడౌన్లో పడి ఉంటుంది. పెట్టె రాగానే, కత్తెర పెట్టే ముందే ఫోన్‌లో వీడియో ఆన్ చేసి తెరువు. చచ్చిన మొక్క వస్తే అదే నీకు సాక్ష్యం.

తెరిచాక వెంటనే పెద్ద కుండీలోకి మార్చాలని చేతులు దురద పెడతాయి. ఆగు. వారం రోజులు నీడలో, అదీ నీ మిగతా మొక్కలకి దూరంగా పెట్టు. ఆకు అడుగున, కొమ్మ సందుల్లో దూది తునకల్లా తెల్లగా ఉంటే అది పిండినల్లి. నేను కొత్త మందారాన్ని వచ్చిన రోజే పాతదాని పక్కన పెట్టి, నెలలో రెండూ పోగొట్టుకున్నాను. కొన్ని మొక్కలు వేళ్ల చుట్టూ గట్టి ఎర్రమట్టి ముద్దతో వస్తాయి. అలాగే పాతేస్తే పైన పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోతాయి, ముద్ద లోపల ఎండుగానే ఉంటుంది. బకెట్ నీళ్లలో ఓ గంట ఉంచి, మట్టి మెత్తబడ్డాక వేళ్లు తెగకుండా విడదియ్యి.

గులాబీ వస్తే అంటు కట్టిన చోటు వెతుకు. దాని పైనుంచి చిగురొస్తే నువ్వు కొన్న గులాబీ. కిందనుంచి బలంగా, ముళ్లెక్కువగా దూసుకొస్తే అది అడవి గులాబీ, గిల్లి పారెయ్యి. అయ్యో చిగురు కదా అని జాలిపడితే అది కొన్నదాన్ని మింగేస్తుంది. మామిడి కూడా అంతే. 'బంగినపల్లి మొక్క, నూట యాభై' అంటే కాండం మీద అంటు ముడి ఉన్న ఫొటో పంపమను. లేకపోతే అది టెంక మొలక, కాపుకొచ్చేసరికి నీ కూతురికి పెళ్లవుతుంది, ఆ కాయ బంగినపల్లి అవుతుందన్న పూచీ కూడా లేదు.

కొన్నింటిని మాత్రం ఆన్‌లైన్‌లో వెతకడమే దండగ. కరివేపాకు గింజలని ఎండబెట్టి ప్యాకెట్లో అమ్ముతున్నారు, చూశావా? కరివేప పండు గింజ పచ్చిగా ఉన్నప్పుడే నాటాలి, ఎండిందంటే ప్రాణం పోయినట్టే. పనస గింజ కూడా అంతే. పెద్ద కరివేప చెట్టున్న ఇంటికి వెళ్లు, చుట్టూ పిలకలు లేచి ఉంటాయి. అడిగితే వేరుతో సహా పీకి ఇస్తారు, ఎవరూ కాదనరు. దొండ కొమ్మ గుచ్చితే చాలు. తమలపాకు, మల్లె, ఇవన్నీ పక్కింటి గోడ మీదుగా రావాలి.

కరివేపాకంటే గుర్తొచ్చింది. కాలిఫోర్నియాలో ఉన్న మా ఆడపడుచు కరివేప మొక్క కోసం ఆన్‌లైన్‌లో తిరగని చోటు లేదు. 'మీ రాష్ట్రానికి పంపం' అన్నారట వేరే రాష్ట్రం వాళ్లు. మనవాళ్ల మీద కక్ష అనుకుంది ముందు. కారణం వేరే. కరివేప నిమ్మ, నారింజల కుటుంబంలోదే. నారింజ తోటల్ని ఎండగట్టే గ్రీనింగ్ తెగుల్ని మోసుకెళ్లే సిల్లా అనే పురుగు కరివేప మీద కూడా కాపురం పెడుతుంది. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు బయటపడ్డాక అక్కడి నారింజ తోటలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పలేం. మా అత్తగారు ఈసారి వెళ్లేటప్పుడు నాలుగు కరివేప పిలకలు తడిగుడ్డలో చుట్టి, చీరల మధ్య పెట్టుకుంటానన్నారు. బతిమాలి ఆపాను.

అటునుంచి ఇటు కూడా అంతే. విదేశీ గింజలు మన దేశంలోకి రావాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతీ, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య పత్రమూ ఉండాలి. గుర్తుందా, 2020 జూలైలో అమెరికాలో జనానికి అడక్కుండానే గింజల కవర్లు పోస్టులో వచ్చాయి, చాలావాటి మీద చైనా ముద్ర. తీరా చూస్తే ఆవాలు, పుదీన, మందారం లాంటివేనన్నారు. దొంగ ఆర్డర్లు సృష్టించి, వాటిమీద తామే మెచ్చుకోళ్లు రాసుకునే అమ్మకందార్ల పని కావచ్చని తేల్చారు. ఆగస్టులో మన కేంద్ర వ్యవసాయ శాఖ కూడా జాగ్రత్తగా ఉండమని చెప్పింది. అడక్కుండా వచ్చింది నాటకు, చెత్తబుట్టలోనూ వెయ్యకు. అక్కడ కూడా మొలుస్తుంది కదా! వ్యవసాయ శాఖ వాళ్లకి చెప్పు.

డబ్బు పోతే 1915కి ఫోన్ చెయ్యి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. నేను మాత్రం నూట ఎనభై రూపాయలకి చెయ్యలేదు. ఏమని చెప్పనే, 'దుంపలు బాగానే మొలిచాయండీ, రెండూ మగవే' అనా?

దానికి బదులు మా మిద్దెతోట వాట్సాప్ గ్రూపులో తిట్టుకుంటూ పూల ఫొటో పెట్టాను. అరగంటలో నిజాంపేట నుంచి ఒకావిడ ఫోను. 'అమ్మా, మీవన్నీ పోతులా? మావి నాలుగూ ఆడవేనండీ, పిందె కనిపిస్తుంది, రెండ్రోజులకి పసుపెక్కి రాలిపోతుంది' అంది. ఆవిడా ఈ ఏడే ఆన్‌లైన్‌లో కొన్నదట. ఇప్పుడు దుంప తవ్వితే తీగ చచ్చిపోతుంది, దీపావళి దాటి తీగలు ఎండాక ఆవిడ నాకు ఆడదిస్తుంది, నేను ఆవిడకి పోతుదిస్తాను. ఒప్పందం కుదిరింది.

మరి అప్పటిదాకా? ఇదిగో, ఇప్పుడు ఆరుంబావు అయింది. విచ్చుకోబోతున్న పూలు ఎనిమిది, కాడలతో కోసి స్టీలు టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ మీద సర్దాను. మీ బావగారు కింద బండి స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నారు. నిజాంపేట చేరేసరికి విచ్చుకుంటాయి, పొడి అంటేలా ఆవిడ ఆడ పూలకి ఒక్కొక్కటీ తాకించి వస్తాను. కాయ నిలిస్తే సగం నాకట. ఉంటానే, మళ్లీ చేస్తా.